కరోనా టీకా మీ ఇంట్లో ఎవరైనా వేయించుకున్నారా, లేక అందరూ పక్కింటివాళ్ల కోసం చూస్తున్నారా?

సీలేరు శ్రీను | 18 జనవరి 2021

అందరికీ నమస్తే. మా వదిన అంగన్‌వాడీ టీచర్. మొన్న 16న మొదలైన టీకా మొదటి విడత లిస్టులో ఆవిడ పేరు వచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో ఇదే గొడవ. అన్నయ్య వద్దంటాడు, సూపర్‌వైజర్ ఏమో ఫోన్ చేసి మీ సెక్టార్‌లో ఎంతమంది రెడీ అని అడుగుతోంది, టీవీలో మాత్రం ఇది పూర్తిగా స్వచ్ఛందం అంటున్నారు. ఆవిడకి కొద్దిగా షుగర్ ఉంది, దాన్ని అడ్డం పెట్టుకుని ఈ విడత తప్పించుకుందామని చూస్తోంది. మేం చూపించుకునే డాక్టర్ని అడిగితే "గవర్నమెంట్ చెప్పింది కదా, వేయించుకోండి" అన్నాడు గానీ తను వేయించుకుంటాడో లేదో చెప్పలేదు. లింకులు, ఫార్వర్డ్‌లు వద్దు బాబూ, అవి మా ఫ్యామిలీ గ్రూపులో బోలెడున్నాయి. మీ ఇంట్లో ఏమనుకుంటున్నారో అది రాయండి చాలు.

ల్యాబ్ కోటు | 18 జనవరి 2021

నేను హైదరాబాద్ దగ్గర, మందుల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలోనే ఒక కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తాను. మాది టీకాల కంపెనీ కాదు, ముందే చెప్తున్నా, తర్వాత నన్ను అమ్ముడుపోయాడు అనకండి.

ఉన్నవి రెండు టీకాలు. కోవిషీల్డ్ అంటే ఆక్స్‌ఫర్డ్, ఆస్ట్రాజెనెకా వాళ్లు కనిపెట్టింది, పుణేలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. చింపాంజీలకు జలుబు తెప్పించే ఒక వైరస్‌ని మన ఒంట్లో పెరగకుండా మార్చి, దానిచేత కరోనా స్పైక్ ప్రోటీన్ (వైరస్ మీద ముళ్లలా ఉండే భాగం) సమాచారాన్ని మోయిస్తారు. కోవాగ్జిన్ మన భారత్ బయోటెక్‌ది, కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి చేశారు. ఇది పాత పద్ధతి. వైరస్‌ని పెంచి, రసాయనంతో చంపి, ఆ చచ్చిన వైరస్‌నే ఎక్కిస్తారు. కుక్క కరిస్తే వేసే టీకా కూడా ఈ పద్ధతిలో చేసిందే. కాబట్టి టీకాతో డీఎన్ఏ మారిపోతుంది అని తిరిగే ఫార్వర్డ్ దీనికి ఏ వైపు నుంచీ అతకదు.

అనుమానం రావాల్సిన చోటు వేరే ఉంది. 3 జనవరిన రెండిటికీ ఒకేసారి అనుమతి ఇచ్చారు. కోవిషీల్డ్‌కి విదేశాల్లో చేసిన మూడో దశ (వేలమంది మీద చేసే చివరి పరీక్ష) ఫలితాలు చేతిలో ఉన్నాయి. కోవాగ్జిన్‌కి 25,800 మందితో మూడో దశ ఇంకా నడుస్తూనే ఉంది, ఎంత శాతం పనిచేస్తుందో ఈ రోజుకి ఎవరూ చెప్పలేరు, అయినా "క్లినికల్ ట్రయల్ మోడ్" అని ఒక కొత్త మాట పెట్టి వదిలారు. అది వేయించుకునేవాళ్ల దగ్గర సంతకం కూడా తీసుకుంటున్నారు, ఆ కాగితంలోనే సామర్థ్యం ఇంకా నిర్ధారణ కాలేదు అని రాసి ఉంటుంది. భద్రత గురించి నాకు పెద్ద భయం లేదు, మొదటి రెండు దశల లెక్కలు చదివాను. కానీ ఈ తొందర వల్ల జనం ఇప్పుడు రెండు టీకాల్నీ ఒకే గాటన కట్టి అనుమానిస్తున్నారు. ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లే మాకు కోవాగ్జిన్ వద్దు, కోవిషీల్డ్ ఇవ్వండి అని లెటర్ రాశారంటే అంగన్‌వాడీ టీచర్‌ని ఏమంటాం?

కడప కారం | 18 జనవరి 2021

ఇంత కథ ఎందుకు బ్రో. ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి టీకా ఎవరికి వేశారు? పారిశుద్ధ్య కార్మికుడికి. హైదరాబాద్ గాంధీలో? పారిశుద్ధ్య కార్మికురాలికి. విజయవాడలో? మళ్ళీ పారిశుద్ధ్య కార్మికురాలికే. ఏదైనా ప్రాజెక్టు రిబ్బన్ కట్ చేయడానికి వాళ్లని పిలిచారా ఎప్పుడైనా? సూది అనేసరికి గౌరవం గుర్తొచ్చింది. ముందు ఎమ్మెల్యేలు, ఎంపీలు వేయించుకోనీ, ఒక ఆర్నెల్లు చూద్దాం, తర్వాత మనం చూసుకుందాం.

నర్సు వాణి | 19 జనవరి 2021

కడప కారం గారూ, నాయకులు ముందు వేయించుకుంటే మీరే "మందు రాగానే ముందు వాళ్లే తోసుకున్నారు" అని రాసేవాళ్లు. నాయకులు క్యూ దాటొద్దని ప్రధానమంత్రే ముఖ్యమంత్రులకు చెప్పారు. అయినా మీరన్న దాంట్లో కొంత నిజం ఉంది, కాదనను. మా దగ్గర మొదటి రోజు కెమెరాలు ఉన్నంతసేపు అందరూ ఉన్నారు, కెమెరాలు వెళ్లిపోయాక లిస్టులో ఉన్న పెద్ద డాక్టర్లలో కొందరు "ఈ రోజు డ్యూటీ ఉంది" అన్నారు. వార్డు బాయ్‌లు, ఆయాలు అది చూశారు. వాళ్లకి సైన్స్ అక్కర్లేదు, డాక్టర్ గారి మొహం చాలు.

నేను వేయించుకున్నా. కోవిషీల్డ్. వేసిన అరగంట కూర్చోబెట్టారు. రాత్రికి చలి, జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, పారాసిటమాల్ వేసుకుని పడుకున్నా. చెయ్యి మాత్రం ఇంకా పైకెత్తితే నొప్పి. శ్రీను, మీ వదినకి షుగర్ ఉంటే అది వద్దనడానికి కారణం కాదు, ముందు వేయించుకోవడానికి కారణం. ఇదివరకు ఏదైనా ఇంజెక్షన్‌కి గానీ మందుకి గానీ ఊపిరాడనంత తీవ్రమైన అలర్జీ వచ్చిందా అని మాత్రం అడుగు, వచ్చి ఉంటే అక్కడ చెప్పాలి.

పాలమూరు పిల్లగాడు | 19 జనవరి 2021

హర్యానా మంత్రి అనిల్ విజ్ నవంబర్‌లో కోవాగ్జిన్ ట్రయల్‌లో వేయించుకున్నాడు, డిసెంబర్‌లో పాజిటివ్ వచ్చింది. దానికేమంటారు ల్యాబ్ కోటు అన్నా?

ల్యాబ్ కోటు | 19 జనవరి 2021

ఒక్క డోసే పడింది తమ్ముడు ఆయనకి. రెండో డోసు 28 రోజులకి, అది పడిన రెండు వారాలకి గానీ రక్షణ లెక్కలోకి రాదు. పైగా అది ట్రయల్, సగం మందికి టీకా లేని ఉత్త సూదే వెళ్తుంది, ఎవరికి ఏది వెళ్లిందో వేసేవాళ్లకీ తెలియదు. ఈ రెండు ముక్కలు ఆ రోజే టీవీలో స్థిమితంగా చెప్పి ఉంటే నువ్విప్పుడు ఈ ప్రశ్న అడిగేవాడివి కాదు.

బడిపంతులు | 20 జనవరి 2021

నేను శ్రీకాకుళం జిల్లాలో బడిపంతులుగా చేసి రిటైర్ అయ్యాను. ఈ భయం కొత్తది కాదు నాయనా. నా చిన్నప్పుడు మశూచి టీకాలవాళ్లు ఊళ్లోకి వస్తున్నారంటే పిల్లల్ని గాదెల్లో, గడ్డివాముల వెనక దాచేవాళ్లు. అమ్మవారు పోస్తే వేపాకులు కట్టి చల్లదనం చేయాలి గానీ సూదితో పొడిస్తే తల్లికి కోపం వస్తుంది అనేవాళ్లు మా నాయనమ్మ వయసువాళ్లు. అలాంటి ఊళ్లో ఎలా వేశారంటే, మునసబు గారిని, కరణం గారిని ముందు కూర్చోబెట్టి కాదు, వాళ్లకి వేస్తే ఎవరూ నమ్మలేదు కూడా. మా వీధిలో అమ్మవారికి ఘటం ఎత్తే ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ తన మనవడి చెయ్యి తనే పట్టుకుని వేయించింది. మధ్యాహ్నానికి ఊరంతా వచ్చారు. ఆ గుండ్రటి మచ్చ నా చేతికి ఇప్పటికీ ఉంది. 1975లో మన దేశంలో చివరి కేసు, 1977లో మశూచి లేదని ప్రకటించారు. నా కంటే చిన్నవాళ్లకి మశూచి మొహం ఎలా ఉంటుందో తెలియదు, అది తెలియకపోవడం వల్లే టీకా మీద ఇంత తీరిగ్గా మాట్లాడుకోగలుగుతున్నాం.

భద్రాద్రి బిడ్డ | 20 జనవరి 2021

మాస్టారూ, మీ మాట కాదనను గానీ మా వైపు కథ వేరు. ఇక్కడ ఎవరూ అమ్మవారి కోపానికి భయపడటం లేదు, కాగితాలకి భయపడుతున్నారు.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, మా భద్రాచలం వైపు కూడా, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది, గుజరాత్‌లో వడోదరలో కూడా చేశారు. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో చదువుకునేవాళ్లు. తల్లిదండ్రుల సంతకం కావాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు పెట్టారు. తర్వాత రెండు రాష్ట్రాల్లో కలిపి 7గురు పిల్లలు చనిపోయారు. పురుగుల మందు, పాముకాటు, నీళ్లలో మునగడం, జ్వరాలు, ఇలా కారణాలు రాశారు, టీకాకి సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది. సరే, నిజంగానే సంబంధం లేకపోవచ్చు. నేను డాక్టర్ని కాదు. కానీ 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ అనుమతుల తీరు మీద గట్టిగా అక్షింతలు వేసింది. ఆ పిల్లల అమ్మానాన్నలు ఇంకా మా ఊళ్లలోనే ఉన్నారు, ఆ పిల్లలతో చదువుకున్నవాళ్లు ఇప్పుడు తల్లులయ్యారు. ఇప్పుడు మళ్ళీ ఒక టీకా వచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి, సామర్థ్యం ఇంకా తేలలేదు" అంటే వాళ్లకి ఏం గుర్తొస్తుందో మీరే చెప్పండి. వీళ్లని మూర్ఖులు, చదువులేనివాళ్లు అని పేపర్లో రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ల్యాబ్ కోటు | 20 జనవరి 2021

భద్రాద్రి బిడ్డ, మీరు రాసింది అక్షరాలా నిజం. హెచ్‌పీవీ టీకా మంచిదే, ప్రపంచమంతా వేస్తున్నారు. వార్డెన్ సంతకం వల్ల మంచి టీకా కూడా మన రాష్ట్రంలో చెడ్డపేరు మోస్తోంది. ఇంకో సంగతి, ఈసారి సంతకం వేయించుకునేవాళ్ల చేతే పెట్టిస్తున్నారు, అంతవరకు మార్పే. చదివి వినిపిస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న.

మాంచెస్టర్ మల్లి | 22 జనవరి 2021

నేను ఇక్కడ బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సుని, గుంటూరు అమ్మాయిని. ఇక్కడ డిసెంబర్ 8న మొదలైంది, నాకు ఫైజర్ వేశారు. అనుమానాలు మన దగ్గరే అనుకోకండి. ఇక్కడ దక్షిణాసియా వాళ్లలో టీకాలో ఆవు కొవ్వు, పంది కొవ్వు ఉన్నాయని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది, అది అబద్ధమని మసీదుల్లో ఇమామ్‌లు, గుళ్లలో పూజారులు చెప్పాల్సి వస్తోంది. మా వార్డులో కరోనాతో వచ్చిన ఒక తాతగారి కొడుకు, ఐసీయూ బయట నిలబడి మరీ, ఈ టీకా నమ్మొచ్చా సిస్టర్ అని అడిగాడు. ఇక్కడ రెండో డోసు 12 వారాలకి జరిపారు, దాని మీద కూడా పెద్ద రగడ. నార్వేలో బాగా పెద్దవయసువాళ్లు టీకా తర్వాత చనిపోయారన్న వార్త చూసి మా అమ్మ గుంటూరు నుంచి అర్ధరాత్రి ఫోన్. వాళ్లు నర్సింగ్ హోముల్లో ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లు అమ్మా అంటే వినదే!

సీలేరు శ్రీను | 6 మార్చి 2021

చాలా రోజులకి వచ్చా. వదిన వేయించుకుంది. ఎవరు ఒప్పించారో తెలుసా? డాక్టరూ కాదు, టీవీ కాదు. వాళ్ల సెక్టార్‌లో ఒక ఆయా ముందే వేయించుకుని పది రోజులు మామూలుగా తిరిగింది, ఆవిడ వచ్చి "అమ్మా, ఒక రాత్రి జ్వరం, అంతే" అంది. అంతే. వేయించుకున్నాక ఈవిడే అందరికీ చెప్తోంది ఇప్పుడు.

1 మార్చి నుంచి 60 దాటినవాళ్లకి, 45 దాటి జబ్బులున్నవాళ్లకి కూడా మొదలైంది కదా. ప్రధాని కోవాగ్జిన్ వేయించుకున్నారు. మొన్న 3న కంపెనీ 81 శాతం అని ప్రకటించింది. ల్యాబ్ కోటు అన్నా, ఇప్పుడేమంటావ్?

ల్యాబ్ కోటు | 6 మార్చి 2021

మంచి వార్తే. అవి మధ్యంతర ఫలితాలు, పూర్తి లెక్క రావాలి. నేను జనవరిలో అన్న మాట మీదే ఉన్నా: ఈ అంకె వచ్చాక అనుమతి ఇచ్చి ఉంటే ఈ రెండు నెలల అనుమానం పుట్టేదే కాదు. ప్రైవేటులో డోసు 250 రూపాయలు, మా అత్తమామలకి అక్కడే వేయించాం.

నర్సు వాణి | 20 మార్చి 2021

ఒక విషయం బయటివాళ్లకి తెలియదు. కోవిషీల్డ్ ఒక సీసాలో 10 డోసులు, కోవాగ్జిన్ సీసాలో 20. మూత తీశాక 4 గంటల్లో అయిపోవాలి, లేకపోతే పారేయాలి. పొద్దున్న ముగ్గురు వచ్చి కూర్చుంటారు. సీసా తెరిస్తే మిగతావి వృథా, తెరవకపోతే ఆ ముగ్గురిని రేపు రమ్మనాలి. రేపు రమ్మంటే ఎంతమంది వస్తారో మీరే ఊహించుకోండి, ఎండన పడి వచ్చిన ముసలివాళ్లు, కొడుకు సెలవు పెట్టి బండి మీద తెచ్చినవాళ్లు. మేం ఫోన్లు చేసి బతిమాలి జనాన్ని పోగేస్తున్నాం. ఇప్పుడు కేంద్రం లెక్కల్లో తెలంగాణలో 17.6 శాతం, ఆంధ్రలో 11.6 శాతం వృథా అని వచ్చింది, దేశం మొత్తం సగటు 6.5. టీవీవాళ్లు సిబ్బంది నిర్లక్ష్యం అంటున్నారు. నిర్లక్ష్యం కాదండీ, కుర్చీలు ఖాళీ. భయం ఖరీదు ఇలా సీసాల్లో కనిపిస్తుంది మాకు.

పాలమూరు పిల్లగాడు | 20 మార్చి 2021

యూరప్‌లో రక్తం గడ్డకడుతోందని ఆస్ట్రాజెనెకా ఆపేశారట కదా అక్కా. డెన్మార్క్, జర్మనీ. మా నాన్న పేపర్ చింపి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

మాంచెస్టర్ మల్లి | 21 మార్చి 2021

కొన్ని దేశాలు ఆపి పరిశీలించాయి, వాటిలో జర్మనీ లాంటివి మళ్ళీ మొదలుపెట్టాయి కూడా. చాలా అరుదుగా, లక్షల్లో ఒకరిద్దరికి రావచ్చేమో అని చూస్తున్నారు. నాకైతే వాళ్లు ఆపి చూడటమే నమ్మకం కలిగించింది. మీ నాన్నగారికి వేయించాక తీవ్రమైన తలనొప్పి తగ్గకుండా ఉన్నా, కాలు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని చెప్పండి. "ఏమీ కాదు పో" అని మాత్రం అనకండి, అలా అంటే ఆ పేపర్ ముక్క ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

కడప కారం | 18 ఏప్రిల్ 2021

తమిళ నటుడు వివేక్. 15న అందరి ముందూ టీకా వేయించుకుని జనాన్ని వేయించుకోమన్నాడు. 17న లేడు. ఇప్పుడు చెప్పండి.

ల్యాబ్ కోటు | 18 ఏప్రిల్ 2021

బాధగా ఉంది, మంచి నటుడు. గుండెకి రక్తం తీసుకెళ్లే ముఖ్యమైన నాళం పూర్తిగా మూసుకుపోయిందని డాక్టర్లు చెప్పారు. అలాంటి పూడిక మామూలుగా ఏళ్ల తరబడి పేరుకుంటూ వస్తుంది. రోజుకి లక్షలమందికి టీకా వేస్తుంటే, టీకా లేకపోయినా ఆ రోజు గుండెపోటు వచ్చేవాళ్లు వాళ్లలో కొందరుంటారు. ఈ లెక్క ఇంట్లో చావు జరిగినవాళ్లకి చెప్పలేం, నాకు తెలుసు. కానీ విచారణ జరిపి కాగితం బయటపెట్టాలి. అది ఆలస్యమైనకొద్దీ మీరన్నదే ఊళ్లలో నిలబడిపోతుంది.

నర్సు వాణి | 3 మే 2021

ఎక్కువ రాయలేను. బెడ్లు లేవు. జనవరిలో నేను ఫోన్ చేస్తే "మాకొద్దమ్మా" అని కట్ చేసినవాళ్లు ఇప్పుడు నా పర్సనల్ నంబర్‌కి చేసి ఒక డోసు ఉంటే చూడమ్మా అంటున్నారు. లేదు. నిజంగానే లేదు. 18 దాటిన అందరికీ అని 1 మే నుంచి ప్రకటించారు, స్టాక్ మాత్రం రెండో డోసులకే చాలడం లేదు.

పాలమూరు పిల్లగాడు | 14 మే 2021

తెలంగాణలో మొదటి డోసు ఆపేసి రెండోదే వేస్తున్నారు. నాన్న అప్పుడు వద్దన్నాడు, ఇప్పుడు పొద్దున్నే ఐదింటికి లైన్లో నిలబడి తిరిగొచ్చాడు. నిన్న కోవిషీల్డ్ రెండో డోసు 12 నుంచి 16 వారాలు అని మార్చారు. స్టాక్ లేక కొత్త సైన్స్ కనిపెట్టారు అని మా వీధిలో జోకు.

ల్యాబ్ కోటు | 14 మే 2021

జోకు బాగానే ఉంది గానీ సైన్స్ పాతదే. ఫిబ్రవరిలో లాన్సెట్‌లో వచ్చింది: 12 వారాలు దాటాక రెండో డోసు వేస్తే 81 శాతం దాకా, 6 వారాల లోపు వేస్తే 55 శాతం. మల్లి గారు జనవరిలోనే రాశారు బ్రిటన్‌లో జరిపారని. మనవాళ్లు ముందు 4 నుంచి 6 వారాలు అన్నారు, మార్చిలో 6 నుంచి 8 అన్నారు, స్టాక్ అయిపోయిన వారంలో 12 నుంచి 16 అన్నారు. నిజం సరైన సమయానికి చెప్పకపోతే అది సాకులా వినిపిస్తుంది.

నెల్లూరు చేపలపులుసు | 22 మే 2021

మీరంతా ఇక్కడ శాతాలు లెక్కపెట్టుకుంటున్నారు, మా కృష్ణపట్నం చూడండి ఒకసారి. ఆనందయ్య కరోనాకి ఇచ్చే నాటు మందు (లేహ్యం, కంటి చుక్కలు) కోసం నిన్న వేలమంది, అంబులెన్సుల్లో కూడా వచ్చారు. నేను కూడా వెళ్లా. మందు అందలేదు, ప్రభుత్వం ఆపేసింది. టీకాకి యాప్ కావాలి, ఓటీపీ కావాలి, స్లాట్ కావాలి, చివరికి లేదు పొమ్మంటారు. అక్కడ ఒక మనిషి డబ్బు తీసుకోకుండా చేతిలో పెడుతున్నాడు. జనం ఎటు పోతారు?

నర్సు వాణి | 23 మే 2021

అన్నా, నీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ గుంపులో ఎంతమంది పాజిటివ్ ఉన్నారో చూశావా? కంట్లో వేసే చుక్కలతో ఆక్సిజన్ పెరుగుతుంది అని నమ్మి ఆసుపత్రి మానేసి వెళ్తున్నవాళ్ల గురించే నా భయం. లేహ్యం తిను, నీ ఇష్టం. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే మాత్రం డాక్టర్ దగ్గరకి పరిగెత్తు.

నెల్లూరు చేపలపులుసు | 1 జూన్ 2021

నిన్న కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చారు, గమనించగలరు. 😀

బడిపంతులు | 2 జూన్ 2021

ఫ్రెంచి నోబెల్ శాస్త్రవేత్త ఎవరో టీకా వేయించుకున్నవాళ్లంతా రెండేళ్లలో పోతారని అన్నాడట, మా పెన్షనర్ల గ్రూపులో వచ్చింది. అందరం అరవై దాటినవాళ్లమే, సగం మంది గుండెకి స్టెంట్లు వేయించుకున్నవాళ్లమే. రెండేళ్లు గ్యారంటీ ఇస్తున్నాడు కదా, ఇంకేం కావాలి అని రాశాను. ఇద్దరు అలిగి గ్రూపు వదిలి వెళ్లిపోయారు.

ల్యాబ్ కోటు | 2 జూన్ 2021

😂 మాస్టారూ! లూక్ మాంటనియే ఆయన పేరు. టీకాల మీద వివాదాస్పదంగా మాట్లాడిన మాట నిజం, రెండేళ్లలో పోతారు అనేది మాత్రం ఎవరో అతికించింది. నెలసరికి ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు రోజులు వేయించుకోవద్దు అని ఏప్రిల్‌లో తిరిగింది కూడా ఇలాంటిదే, దాని వల్ల మా ఆఫీసులో చదువుకున్న అమ్మాయిలు స్లాట్లు వదులుకున్నారు.

డిగ్రీ పాస్ దివ్య | 12 జూన్ 2021

హాయ్, నాకు ఒక డౌట్. ఆగస్టులో అమెరికా వెళ్లాలి, ఎంఎస్. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ కాగితం) వచ్చింది. మా ఇంట్లో అందరూ కోవాగ్జిన్ వేయించుకున్నారు, నేను మాత్రం వద్దంటున్నా, ఎందుకంటే డబ్ల్యూహెచ్‌ఓ లిస్టులో లేదు, యూనివర్సిటీ ఒప్పుకోవడం లేదు. నాన్న "మన తెలుగువాళ్ల టీకా వద్దంటావా" అని అలిగారు. కోవిషీల్డ్ మొదటి డోసు పడింది, రెండోదానికి 84 రోజులంటే నా ఫ్లైట్ దాటిపోతుంది.

నర్సు వాణి | 12 జూన్ 2021

చదువుకి, ఉద్యోగానికి బయటికి వెళ్లేవాళ్లకి 28 రోజుల తర్వాత వేసేలా కొత్త ఆదేశాలు వచ్చాయమ్మా. పాస్‌పోర్ట్, వీసా లేదా ఐ-20 పట్టుకెళ్లు. సర్టిఫికెట్ మీద పాస్‌పోర్ట్ నంబర్ ఎక్కిందో లేదో అక్కడే చూసుకో, తర్వాత మార్పించుకోవడం తలనొప్పి. నాన్నగారితో గొడవ పెట్టుకోకు, నువ్వు వద్దన్నది ఆ టీకాని కాదు కదా, అమెరికావాళ్ల రూల్‌ని.

కడప కారం | 21 జూన్ 2021

నిన్న ఆంధ్రలో ఒక్క రోజులో 13 లక్షల మందికి పైగా వేశారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. మా పాప మూడేళ్లది, ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకి ముందు అని నా భార్యని పిలిచారు, తోడు వెళ్తే వలంటీర్ "అన్నా, నీకు 45 దాటాయిగా, కూర్చో" అన్నాడు. ఎమ్మెల్యే సంగతి నేను మర్చిపోలేదు, అది వేరే.

పాలమూరు పిల్లగాడు | 21 జూన్ 2021

మూడేళ్ల పాప, 45 ఏళ్లు 🤔 సరే అన్నా, టీకా గురించే మాట్లాడుకుందాం.

భద్రాద్రి బిడ్డ | 25 జూన్ 2021

మా గూడెంలో నిన్న సెషన్ పెట్టారు. ఈసారి ఏఎన్ఎంతో పాటు కోయభాష వచ్చిన ఆశా కార్యకర్త వచ్చింది, మా వాళ్లే. ప్రతి ఇంటికీ వెళ్లి కూర్చుంది. హెచ్‌పీవీ సంగతి ఒక తల్లి ఎత్తింది, నేను అనుకున్నట్టే. ఆశా దాన్ని దాటేయలేదు, అప్పుడు సంతకం మీరు పెట్టలేదు, ఇప్పుడు ఇష్టమైతేనే, వద్దంటే నేను పేరు రాసుకోను అంది. ఆ తల్లి వేయించుకోలేదు, తన కోడలికి మాత్రం వేయించింది.

సగం మంది వచ్చారు. మిగతా సగంలో ఎక్కువమందికి ఉన్నది భయం కాదు. విత్తనాలు వేసే రోజులు, వాన పడింది, జ్వరం వస్తే రెండు రోజుల కూలి పోతుంది, ఆ కూలి ఎవరిస్తారు అన్నారు. ఇది నాకు తట్టలేదు, ఈ ఫోరమ్‌లో జనవరి నుంచి ఎవరికీ తట్టలేదు. వచ్చే వారం నాట్లకి ముందు ఒక సాయంత్రం సెషన్ పెట్టమని అడిగాం, పని నుంచి వచ్చాక వేయించుకుంటే రాత్రి జ్వరం రాత్రే పోతుందని. ఏఎన్ఎం సరేనంది, పారాసిటమాల్ గోళీలు ఎక్కువ తెమ్మని చెప్పాం. నాది కూడా ఆ రోజే.